ఆఫీసు చీరలు

సికింద్రాబాద్, మెట్టుగూడలో ఒక అద్దె ఇల్లు. 2006 జూన్, ఆదివారం మధ్యాహ్నం. మంచం మీద మూత తీసిన ట్రంకు పెట్టె. దాని పక్కన భానుప్రియ, ఆమె పదకొండేళ్ళ కూతురు లీల.

“నైటీ వేస్కొని పోతే ఏమంటరమ్మా రేపు నీ కొత్త ఆఫీసుల?”

“నవ్వకే. నిజంగా అలాగే ఉంది నా పని. బీరువా తెరిస్తే ఇటు నైటీలు, అటు పట్టుచీరలు. మధ్యలో ఏటీ లేదు.”

“మరి ఇన్నేండ్ల సంది ఏం కట్టుకున్నవ్?”

“ఇంట్లో ఉంటే నైటీ. పెళ్ళికెళ్తే పట్టుచీర. ఇంకెక్కడికెళ్ళేనని?”

“మార్కెట్‌కు?”

“నైటీ మీద చున్నీ.”

“నా స్కూల్‌కు? పేరెంట్స్ మీటింగ్‌కు?”

“ఆ ఎర్ర సిల్కు చీర. పోయినేడూ అదే, ముందేడూ అదే. మీ టీచరు గుర్తు పట్టీసుంటాది.”

“పట్టింది. మీ మమ్మీకి రెడ్ అంటే ఇష్టమా అని అడిగింది.”

“నువ్వేటన్నావు?”

“అవునన్న. మళ్ళ ఆ హెచ్చార్ మేడం ఏం చెప్పింది నీకు?”

“మేడమేటి, పాతికేళ్ళుండవు ఆ పిల్లకి. ‘మండే టు థర్స్‌డే ఫార్మల్స్ మేడం, ఫ్రైడే మీ ఇష్టం’ అంది. నేను తలూపీసేను. ఫార్మల్స్ అంటే చీర పరవాలేదా, ప్యాంటే వెయ్యాలా అని అడగడానికి సిగ్గేసింది.”

“అడగాలె కద.”

“అడిగితే ఏమనుకుంటాది? అమెరికా వాళ్ళ లెక్కలు చూస్తాదంట, ఏం కట్టుకోవాలో తెలీదంట అనుకోదూ? అప్పటికే ఇంటర్వ్యూలో ఒకాయన అడగనే అడిగేడు, ఎనిమిదేళ్ళ గ్యాపుంది కదా, ఈ ఎనిమిదేళ్ళూ ఏం చేసేరమ్మా అని.”

“ఎనిమిదేండ్లా?”

“అంటే, ఇంట్లో ఉన్నాను కదా.”

“నాకు పదకొండు. నేను పుట్టకముందే మానేసినవ్ కద నౌకరీ. ఎనిమిదేంది?”

“లెక్క తప్పేను.”

“లెక్కలు చూసే నౌకరీ నీది.”

“అబ్బా, వదిలీవే. ఏదో నోటికొచ్చింది.”

“ప్యాంటు షర్టు తెచ్చినవ్ కద, జనరల్ బజార్ల?”

“తెచ్చేను. వేసుకుని అద్దంలో చూసుకుంటే బస్సు కండక్టర్‌లా ఉన్నాను. తిరిగిచ్చీసేను.”

“అందుకని ఇవి తీసినవా?”

“నేను తియ్యలేదు. మొన్న మీ నాన్నే అటక మీంచి దించేరు. దించి, దుమ్ము తుడిచి, మంచం మీద పెట్టి, ‘ఇవున్నాయి కదా’ అన్నారు.”

“ఇంకేం అనలే?”

“ఇంకేటంటారు?”

“ఊకనే అడిగిన. ముట్టుకోవచ్చా ఇవి?”

“చీరలే కదే. దేవుడి పటాలేటి, అడిగి ముట్టుకోడానికి.”

“మస్తు మెత్తగున్నయ్.”

“నేత చీరలు. ఉతికేకొద్దీ మెత్తబడతాయి. ఇదిగో ఇది పొందూరుది. ఇది వెంకటగిరి.”

“ఎవరివి?”

“ఎవరివేటి. నావే. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో ఉద్యోగం చేసేదాన్ని కదా. చెప్పేను కదా నీకు.”

“చెప్పినవ్.”

“షిప్పింగు కంపెనీలో అకౌంట్సు. రోజూ చీరే. అప్పటివి.”

“నీవే.”

“నావే అంటున్నాను కదా.”

“సరే. జాకెట్లు చిన్నగున్నయ్.”

“అప్పుడు సన్నగా ఉండేదాన్ని.”

“సన్నగ కాదు. చేతులు పొట్టిగున్నయ్, నడుం పొట్టిగుంది. పెద్దయినంక మనిషి లావైతది గని పొడుగైతదా?”

“లాయరువి అవుతావే నువ్వు. అప్పట్లో అలా కుట్టించుకునేవారు. ఫేషను. నాలుగు రహమత్‌బీ ఆపాకి ఇచ్చేను, వదులు చెయ్యమని. ఇలా పట్టు, ఈ నీలంది ఇంకోసారి కట్టి చూద్దాం.”

“అది వద్దు.”

“ఎందుకు?”

“నీకు బాగుండదు.”

“నిన్న కట్టుకుంటే బానే ఉంది. నువ్వు ట్యూషన్‌కెళ్ళేవు, చూడలేదు.”

“చూడకున్నా తెలుసు.”

“పసుపు అంచు, సన్న గళ్ళు. ఆఫీసుకి ఇంతకన్నా ఏం కావాలే?”

“నాకు నచ్చలే.”

“నీకు నచ్చడమేటి, కట్టుకునేది నేను.”

“నచ్చలేదన్న కద. వేరేది కట్టుకో. ఈ గోధుమ రంగుది కట్టుకో. ఇంకేదన్న కట్టుకో.”

“ఏటయిందే నీకు? ఎందుకంత కోపం?”

“ఏం కాలే. తలుపు కొడుతున్నరు. రహమత్‌బీ ఆంటీ వచ్చినట్టుంది.”

“తియ్యి మరి.”

“ఏం లీలమ్మా, మీ అమ్మ ఆఫీసరైపోయింది. మిఠాయి ఏది?”

“ఆఫీసర్ కాదాంటీ. ప్రాసెస్ అసోసియేట్.”

“ఏదైతేంది. మెడల కార్డు ఏసుకుంటరు కద, నాకైతే గదే ఆఫీసర్. జెర నీళ్ళియ్యి బిడ్డా. ఎండ తగ్గుత లేదు.”

“రండి ఆపా, ఫేను కింద కూచోండి. లీలా, నీళ్ళిచ్చీసి అలా ఇస్త్రీ బండి జంగయ్య దగ్గరికెళ్ళి రా. సాయంత్రంలోగా ఒక చీర చేసిస్తాడా అని అడుగు.”

“ఏ చీర?”

“ముందు అడిగి రా.”

“మీరిద్దరు మాట్లాడుకోవాలె, నన్ను పొమ్మంటున్నవ్. గట్లనే చెప్తే అయిపాయె కద.”

“వెళ్ళవే. రోడ్డు చూసుకుని వెళ్ళు.”

“పోయింది. గేటు గూడ ఏసింది. ఇగ చెప్పు బిడ్డా. ఏందిట్ల మొఖం పెట్టినవ్? రేపు నౌకరీ షురూ. ఖుషీగుండాలె.”

“జాకెట్లు తెచ్చేరా ఆపా?”

“తెచ్చిన. పక్కలు విప్పిన, చేతులకు అతుకేసిన. అయినా గంతే. కనకలక్ష్మి పొట్టి మనిషి, నువ్వామె కన్న జానెడు పొడుగు. ఎంత విప్పినా...”

“మెల్లిగా.”

“పిల్ల లేదు కద.”

“గోడలున్నాయి.”

“ఎనిమిదేండ్లాయె బిడ్డా. సొంత అక్క పేరు ఎత్తనీకె గోడలకు బుగులుపడితే ఎట్ల?”

“ఈ ఇంట్లో ఆ పేరు ఎవరూ అనరు ఆపా. మా అత్త దేముడమ్మ పెట్టిన కట్టడి. లీలకి కన్నతల్లి లేదన్న మాట ఎక్కడా వినపడకూడదని అక్క ఫొటోలన్నీ తీసీసేరు. మారేడ్‌పల్లి ఇల్లు ఖాళీ చేయించి ఇక్కడికి మార్పించేరు. ఈ చుట్టుపక్కల అక్కని ఎరిగినవారు మీరొక్కరే.”

“నేను ఎవ్వరికి చెప్పలే. ఆమె కుట్టనీకె ఇచ్చిన ఆఖరి జాకెట్టు ఇంకా నా మిషన్ డ్రాయర్ల ఉంది. తీస్కపోతందుకు రాలే ఆమె. అది గూడ నేను ఎవరికి చూపియ్యలే.”

“మీ గురించి కాదు ఆపా.”

“మరి?”

“నిన్న నీలం చీర కట్టుకుని చూసేను. అద్దం ముందర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను. బావ వెనక నుంచి వచ్చేరు.”

“వాసు సారా? ఏమన్నడు?”

“‘కనకం, అప్పుడే బయల్దేరిపోయేవా’ అన్నారు.”

“యా అల్లా.”

“నేను ఇటు తిరిగేను. ఆయన నన్ను చూసి, దగ్గు రాకపోయినా దగ్గేరు. మంచినీళ్ళు తాగేరు. కేరేజీ మర్చిపోయి రైలు డ్యూటీకెళ్ళిపోయేరు.”

“ఆమెను చూసినట్టే అయి బుగులైనట్టుంది పాపం.”

“బుగులైతే నాకింత బాధ లేకపోను. ఆయన సంతోషపడ్డారు ఆపా. నేను తిరిగేలోపు, అద్దంలో కనపడింది ఆ మొహం. ఇన్నేళ్ళ కాపరంలో నేనెప్పుడూ చూడని మొహం.”

“మనిషి పోతే గుడ్డలు ఎవరికన్న ఇచ్చేస్తరు. ఆయన దాసిండు. దాసి, మళ్ళ నీ చేతులనే పెట్టిండు. తెలిసే చేసిండంటవా?”

“నాకు తెలీదు. ఆయనకీ తెలీదేమో.”

“మరి నువ్వెందుకు ఒప్పుకున్నవ్?”

“చీరలే కదా అనుకున్నాను. కట్టుకున్నాక తెలిసింది. ఆ గుడ్డలో అక్క మడతలు అలాగే ఉన్నాయి ఆపా. కుచ్చిళ్ళు నేను పట్టక్కర్లేదు, చీర తనంతట తనే అక్క పట్టిన చోటికి వెళ్ళిపోతోంది. పమిట భుజం మీద నేను ఎలా వేసినా, చివరికి అక్క వేసినట్టే జారి కూచుంటోంది. విప్పీసి మళ్ళీ కట్టేను. మళ్ళీ అంతే.”

“పాత మడత. ఇస్త్రీ చేస్తే పోతది.”

“పోతాదా?”

“పోతది.”

“వైజాగ్‌లో నా ఉద్యోగం నాకుండేది. అక్క పోయిందని కబురొస్తే సెలవు పెట్టి వచ్చేను. చేతిసంచిలో రెండు జతల బట్టలు, అంతే. పిల్ల నా మెడ వదల్లేదు. సెలవు పొడిగించేను, మళ్ళీ పొడిగించేను. సంవత్సరీకం అయ్యేక మా అత్త పసుపుతాడు తెచ్చి నా ముందర పెట్టింది. నేను కాదనలేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు, అది కూడా చెప్పాలి.”

“నాకు ఎరికే కద.”

“అక్క సంసారం. అక్క గిన్నెలు. అక్క మొగుడు. ఇన్నాళ్ళకి నాకని ఒక ఉద్యోగం వచ్చింది. ఎవరి సిఫార్సూ లేదు, నేనే వెళ్ళి పరీక్ష రాసేను, నేనే మాట్లాడేను. దానికి కూడా అక్క గుడ్డలేనా? అక్క లాగే పొద్దున్నే బయల్దేరడమేనా? ఈ ఇంట్లో నాదేదో ఒక్కటి చెప్పండి ఆపా.”

“లీల.”

“అవును. అది నాదే. అదొక్కటే నాది. దానికేమీ తెలీదు కాబట్టి నాది.”

“చెప్తే పోతదా?”

“ఏమో.”

“నువ్వే చెప్పు బిడ్డా. పెద్దదైతుంది. రేపు ఇంకెవరి నోటనో వింటే మస్తు తక్లీఫ్ అయితది దానికి.”

“ఏమని చెప్పను? నిన్ను కన్నది నేను కాదు, మా అక్క. ఒకరోజు ఆఫీసుకెళ్తూ ఆటో ఎక్కింది, చిలకలగూడ దగ్గర లారీ గుద్దింది, అందుకని నేనొచ్చేను అనా? అప్పుడే మూడేళ్ళు నిండేయి దానికి. అమ్మ ఏదీ, అమ్మ ఏదీ అని ఇల్లంతా తిరిగేది. మంచాల కింద వెతికేది. ఒకరోజు మా అత్త దాన్ని పట్టుకుని, నన్ను చూపించి, ‘ఇదేనే మీ అమ్మ’ అంది.”

“అంటే లీల ఏమన్నది?”

“నన్ను చాలాసేపు చూసింది. మొహం చూసింది, చేతులు చూసింది. చూసి, ‘అమ్మా, పాలు’ అంది. అంతే. ఆ రోజు నుంచి మళ్ళీ అడగలేదు. మర్చిపోయింది.”

“చిన్న పిల్లలు జల్ది మరుస్తరు.”

“మర్చిపోవాలనే దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. మా అక్కని, దాని కూతురే మర్చిపోవాలని.”

“ఏడ్వకు. ఇగో, ఇది చూడు. పోయిన నెల నువ్వు సల్వార్ గుడ్డ ఇచ్చినవ్, యాదుందా? బూడిద రంగుది.”

“చీరలు దించేక ఆ సంగతే మర్చిపోయేను.”

“నేను మరవలే. కాలర్ పెట్టిన. చేతులు మోచెయ్యి దాక. నీ కొలతలతోని కుట్టిన. ఆ చీరలు పెట్టెల పెట్టి రేపు ఇది తొడుక్కొని పో.”

“ఆయన అంతలా దించి ఇచ్చేక, వద్దంటే ఏమనుకుంటారో.”

“పొద్దున నిన్ను చూసి ఏమనుకోవాలె ఆయన? భానుప్రియ పోతుంది అనుకోవాలె. గట్లనే అనుకోనియ్యి.”

“ఒకసారి వేసుకుని చూస్తాను. ఉండండి.”

“చూడు. ఆఁ, తిరుగు. చెయ్యి లేపు. భుజాలు సరిగ్గ కూసున్నయా?”

“కూచున్నాయి.”

“కూసోక ఏమైతది. కండ్లు తుడుచుకో, గేటు చప్పుడైంది.”

“అమ్మా, జంగయ్య లేడు. ఊరికి పోయిండంట. ఇదెప్పుడు కుట్టించినవ్?”

“పోయిన నెల ఇచ్చేను. ఎలాగుంది?”

“ఇటు తిరుగు. అటు. ఇది బాగుంది.”

“ఫార్మల్సేనా ఇది?”

“కాలర్ ఉంటే ఫార్మల్సే. మా ప్రిన్సిపల్ మేడం గిట్లనే వేస్కుంటది. అమ్మా, ఇది నీ లెక్కుంది.”

“నా లెక్క అంటే?”

“అంటే నీ లెక్క. ఇదే వేస్కో రేపు. ఆ చీరలు నేను పెట్టెల పెడ్త.”

“నేను పెడతాలే.”

“వద్దు. నేను పెడ్త. మడత పెట్టుడు నాకు వచ్చు.”

“చూసినవా భానూ, నీ బిడ్డ నాకంటె పెద్ద టైలర్. నేను పోతున్న ఇగ. పొద్దుగాల నమాజుల నీ కోసం దువా చేస్త.”

“చాయ్ తాగకుండానే వెళ్తారా ఆపా?”

“ఫస్టు జీతం వచ్చినంక తాగుత. నువ్వు పోసిన చాయ్ కాదు, నువ్వు కొనిచ్చిన చాయ్.”

సోమవారం పొద్దున్న. వీధి తలుపు దగ్గర తల్లీ కూతురూ.

“నాన్న డ్యూటీ నుంచి రాలే ఇంకా.”

“బండి లేటంట, ఫోను చేసేరు. మధ్యాహ్నానికి వస్తారు. నీ కేరేజీ బ్యాగులో పెట్టేను. జడ బిగుతుగా ఉందేటి?”

“మంచిగనే ఉంది. ఆగు, నీ చున్నీ ఒక దిక్కు జారింది. వంగు కొంచెం.”

“ఎలాగున్నాను?”

“ఆఫీసర్ లెక్క.”

“నాకు భయంగా ఉందే. అక్కడ అందరూ నీకంటె పదేళ్ళు పెద్దవాళ్ళుంటారు, అంతే. నన్ను ఆంటీ అంటారేమో.”

“అంటే అననియ్యి. నీకు లెక్కలొస్తయ్ కద.”

“ఎనిమిదో పదకొండో తెలీని లెక్కలు.”

“దాని గురించి నేనేం అనలే కద.”

“అనలేదులే. నవ్వు కొంచెం. ఫస్టు రోజు ఇలా మొహం పెట్టి పంపిస్తావేటి?”

“ఎట్ల పోతవ్ బేగంపేటకు?”

“స్టేషన్ దాకా నడిచి, ఎమ్మెమ్టీయెస్ ఎక్కుతాను.”

“ఆటో ఎక్కవు కద?”

“ఆటో ఎందుకు. ట్రైనుంది కదా.”

“లేటైనా ఎక్కకు.”

“ఎక్కను. ఏటే, ఎందుకలా అడుగుతున్నావు?”

“ఊకనే.”

“లీలా. ఇలా నా వైపు చూడు. నీకొక సంగతి చెప్పాలి. ఇప్పుడు టైము లేదు. ఇంటికొచ్చేక చెప్తాను.”

“ఏం చెప్పకు.”

“ఏటో తెలీకుండానే?”

“వద్దు. నాకేం చెప్పొద్దు. నువ్వు రా, చాలు.”

“వస్తానే పిచ్చిదానా. రాక ఎక్కడికెళ్తాను? చీకటి పడకముందే వచ్చీసి, నా చేత్తోనే నీకు అన్నం కలిపి పెడతాను. సరేనా?”

“అమ్మ గూడ అట్లనే చెప్పిపోయింది, పిన్నీ.”